చట్టం ఆగిన గుమ్మం దగ్గర ప్రేమ ఆగకూడదు

1928 జూన్ నెలలో న్యూయార్క్ ఓడరేవులో ఇరవై ఏళ్ల అంధ యువకుడొకడు ఓడ దిగాడు. పేరు మోరిస్ ఫ్రాంక్. సొంతూరు టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్. అతని పక్కన బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్ కుక్క ఉంది. చూపు లేనివాడిని ఒక కుక్క నడిపిస్తుందంటే పత్రికా విలేకరులు నమ్మలేదు. కళ్లున్నవాళ్లే దాటడానికి జంకే వెస్ట్ స్ట్రీట్ అనే వీధిని దాటి చూపించమన్నారు. ఒకవైపు లారీలు, మరోవైపు బండ్లు, చెవులు గింగిర్లెత్తే హారన్లు. ఫ్రాంక్ బడ్డీకి ముందుకు వెళ్లమని చెప్పాడు. అది కొంత నడిచింది, ఆగింది, వెనక్కి తగ్గింది, మళ్లీ నడిచింది. చివరికి ఇద్దరూ క్షేమంగా అవతలి వైపు చేరారు. స్విట్జర్లాండ్‌లో తనకు ఆ కుక్కను ఇచ్చిన డొరొతీ హారిసన్ యూస్టిస్ అనే మహిళకు ఫ్రాంక్ ఒకే ఒక్క మాటతో టెలిగ్రామ్ పంపాడు. విజయం అన్నదే ఆ మాట.

తనకు కుక్క దొరికితే చాలని ఫ్రాంక్ అనుకోలేదు. తనలాంటి వారందరికీ అలాంటి తోడు దొరికేలా అమెరికాలో ఒక శిక్షణ పాఠశాల పెడతానని యూస్టిస్‌కు ముందే మాట ఇచ్చాడు. ఆ మాట ప్రకారం 1929 జనవరి 29న నాష్‌విల్‌లో 'ది సీయింగ్ ఐ' అనే సంస్థ మొదలైంది. దాని పేరు మన బైబిల్లోంచి తీసుకున్నదే. వినికిడి ఉన్న చెవి అయినా, చూపు ఉన్న కన్ను అయినా దేవుని చేతిపనేనని సామెతలు 20:12లో సొలొమోను జ్ఞానం చెబుతుంది. ఆ 'చూసే కన్ను'నే సంస్థకు పేరుగా పెట్టారు. ఇప్పుడా సంస్థ న్యూజెర్సీ రాష్ట్రంలో మోరిస్‌టౌన్ దగ్గర పనిచేస్తోంది. ఆ ఊరి కూడలిలో ఫ్రాంక్, బడ్డీల విగ్రహాన్ని 2005లో నిలబెట్టారు.

న్యూజెర్సీ అంటే మన తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన రాష్ట్రం. అక్కడే కాదు, అమెరికాలో ఎక్కడున్నా మన పిల్లలు, మన సంఘస్థులు దుకాణంలోనో, విమానంలోనో, ఆదివారం ఆరాధనలోనో ఇలాంటి కుక్కను ఎప్పుడో ఒకప్పుడు చూస్తారు. పిల్లల్ని చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులూ చూస్తారు. కుక్కను చర్చిలోకి రానిస్తారా అని ఆశ్చర్యపోతారు, కొందరు ముఖం చిట్లిస్తారు. పైకి ఇది కుక్క గురించిన ప్రశ్నలాగే ఉంటుంది. కాస్త ఆలోచిస్తే ఇది మనిషి గౌరవం గురించిన ప్రశ్న అని, అంతకు మించి మన సంఘాల ప్రేమ గురించిన ప్రశ్న అని అర్థమవుతుంది.

ఆ కుక్క చేసే పని

అంధులకు కుక్కల సాయాన్ని ఒక శిక్షణగా మలచింది మొదట జర్మనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో అలాంటి పాఠశాల ఏర్పడింది. ఆ తర్వాత జర్మనీలో జరుగుతున్న ఈ పనిని చూసి యూస్టిస్ 1927లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాశారు. ఫ్రాంక్ జీవితాన్ని మార్చింది ఆ వ్యాసమే.

చాలామంది అనుకున్నట్లు గైడ్ డాగ్ తన యజమానిని బ్యాంకుకో, బజారుకో దానంతట అదే తీసుకుపోదు. ఎక్కడికి వెళ్లాలో, ఏ మలుపు తిరగాలో తెలిసింది మనిషికే. ఎడమకు, కుడికి, ముందుకు అని చెప్పేది ఆయనే. దారిలో గుంట, స్తంభం, మెట్టు, ఎదురొచ్చే వాహనం కనిపెట్టి తప్పించడం కుక్క పని. కుక్క వీపు మీద బిగించిన హార్నెస్‌కు ఒక గట్టి పిడి ఉంటుంది. ఆ పిడి ద్వారానే ఒకరి కదలిక మరొకరికి తెలుస్తుంది. అంటే ఇది ఇద్దరు కలిసి చేసే పని.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద దాడి జరిగినప్పుడు మైఖేల్ హింగ్సన్ అనే అంధుడు ఉత్తర టవర్ 78వ అంతస్తులో ఉన్నారు. ఆయన కుక్క పేరు రోసెల్. పొగ, గందరగోళం మధ్య ఇద్దరూ 1,400కు పైగా మెట్లు దిగి ప్రాణాలతో బయటపడ్డారు. మెట్లు ఎక్కడున్నాయో హింగ్సన్ ముందే తెలుసుకుని పెట్టుకున్నారు. అడుగడుగునా బెదరకుండా నిలిచింది రోసెల్. ఎవరు ఎవరిని కాపాడారని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఇద్దరూ ఒకరినొకరు నమ్మారు.

ఈ శిక్షణలో నన్ను బాగా ఆకట్టుకున్న అంశం ఒకటుంది. యజమాని ముందుకు వెళ్లమని చెప్పినా, ఎదురుగా ప్రమాదం ఉంటే ఆ కుక్క కదలదు. మాట వినడం నేర్పిన వాళ్లే, ఎప్పుడు వినకూడదో కూడా దానికి నేర్పుతారు. ఇది చదివినప్పుడు సంఖ్యాకాండం 22వ అధ్యాయంలోని బిలాము గాడిద గుర్తుకు రావడం లేదా? ప్రవక్తనని చెప్పుకునే బిలాముకు దారిలో కత్తి దూసి నిలబడిన దేవదూత కనిపించలేదు. గాడిదకు కనిపించాడు. అది పక్కకు తప్పుకుంది, గోడకు ఒరిగింది, చివరికి కూలబడింది. మూడుసార్లూ బిలాము దాన్ని కొట్టాడు. నిజానికి అది మొండికేయలేదు, యజమాని ప్రాణాన్ని కాపాడింది. మనిషి చూడలేనిది ఒక మూగజీవికి చూపించి, దాని ద్వారా మనిషిని కాపాడడం దేవునికి కొత్త కాదు.

నేడు ఈ కుక్కలు అంధులకు మాత్రమే కాదు, మరెందరికో తోడుగా ఉన్నాయి. వినికిడి లేనివారికి తలుపు చప్పుడు, ప్రమాద సూచికల మోత తెలియజేసేవి ఉన్నాయి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి కిందపడిన వస్తువు అందించేవి, తలుపు తెరిచేవి ఉన్నాయి. మూర్ఛ వచ్చినప్పుడు మనిషికి కాపలా ఉండి సాయం పిలిచేవి, మధుమేహ రోగికి చక్కెర పడిపోతుంటే హెచ్చరించేవి ఉన్నాయి. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలతో బాధపడే సైనికులకు ఆ భయం ముంచెత్తినప్పుడు నేర్చుకున్న పద్ధతిలో సాయపడేవీ ఉన్నాయి. కాబట్టి కుక్కతో వచ్చిన మనిషి కళ్లు బాగానే ఉన్నాయి కదా అని మనం తీర్పు తీర్చకూడదు. కంటికి కనిపించని వైకల్యాలు చాలా ఉన్నాయి.

తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి

వెస్ట్ స్ట్రీట్ దాటిన ఫ్రాంక్‌కు అసలు కష్టం ఆ తర్వాత ఎదురైంది. రైళ్లలో, హోటళ్లలో కుక్కకు చోటు లేదన్నారు. రైలెక్కితే బడ్డీని సామాను పెట్టెలో వేయమనేవారు. కళ్లను సామానులో వేసి కూర్చోమంటే మనిషి ఎలా ప్రయాణిస్తాడు? ఫ్రాంక్ ఊరూరా తిరిగి, అధికారులను కలిసి, ఓర్పుతో వాదించాడు. 1935 నాటికి అమెరికా రైల్వేలన్నీ గైడ్ డాగ్‌లను యజమానులతోపాటే ఉండనిచ్చాయి. 1956 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ వాటిని బహిరంగ స్థలాల్లోకి అనుమతించే చట్టాలు వచ్చాయి. 1938లో బడ్డీ చనిపోయింది. ఆ తర్వాత తన దగ్గరికి వచ్చిన ప్రతి కుక్కకూ ఫ్రాంక్ ఆ పేరే పెట్టుకున్నాడు.

1990 జూలై 26న అమెరికా వికలాంగుల హక్కుల చట్టం సంతకమైంది. 2011 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన సవరించిన నిబంధనల ప్రకారం, వికలాంగ వ్యక్తి కోసం ఒక నిర్దిష్టమైన పని చేసేలా శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. దగ్గరుంటే మనసుకు ఊరటగా ఉంటుందన్నంత మాత్రాన ఏ పెంపుడు జంతువూ ఈ చట్టం కింద సర్వీస్ డాగ్ కాదు. భోజన హోటల్, దుకాణం, ఆసుపత్రి, టాక్సీ, లాడ్జి, ప్రజలు వెళ్లగలిగే చోట్లన్నిటికీ సర్వీస్ డాగ్ వెళ్లవచ్చు. ఆపరేషన్ గది లాంటి, క్రిములు చేరకూడని చోట్లకు మినహాయింపు ఉంది. లాడ్జిలో పెంపుడు కుక్కలకు తీసుకునే అదనపు రుసుము దీనికి తీసుకోకూడదు.

అది ఏ పని చేస్తుందో కంటికి తెలియనప్పుడు సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు. వైకల్యం కారణంగా అవసరమైన సర్వీస్ డాగేనా ఇది? ఏ పని చేయడానికి శిక్షణ పొందింది? అంతే. నీకేం జబ్బు అని అడగకూడదు. ధ్రువపత్రం చూపించమనకూడదు. ఏదీ, ఇక్కడ చేయించి చూపించు అనకూడదు. కుక్కంటే మాకు భయం, మాకు అలర్జీ అన్నవి దాన్ని బయటికి పంపడానికి కారణాలు కావు. అలాంటివారిని, వీరిని వేర్వేరు చోట్ల కూర్చోబెట్టాలి. అయితే హక్కుతోపాటు బాధ్యత కూడా ఉంది. కుక్క అదుపు తప్పినా యజమాని సరిదిద్దకపోతే, లేదా అది లోపల మలమూత్ర విసర్జన చేసేదైతే, దాన్ని బయటికి తీసుకెళ్లమనవచ్చు. అప్పుడైనా మనిషిని మాత్రం వెళ్లిపొమ్మనకూడదు. కుక్క లేకుండా సేవ పొందే అవకాశం ఆయనకు ఇవ్వాలి.

ఈ హక్కు వెనక ఉన్న మనిషిని గుర్తుంచుకోవడానికి మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఒక సంఘటన చాలు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన ఒక చిన్నారికి సాయంగా వండర్ అనే కుక్క ఉండేది. తలుపులు తెరవడం, లైట్లు వేయడం, వస్తువులు అందించడం దాని పని. 2009లో ఆమె చదివే బడి కుక్కను రానివ్వలేదు. పాపకు సాయం చేయడానికి మేం ఒక మనిషిని పెట్టాం కదా, కుక్క ఎందుకు అన్నది బడివాళ్ల మాట. సాయం అందుతోంది, నిజమే. కానీ ఆ పాపకు, ఆమె తల్లిదండ్రులకు కావలసింది ఒకరి మీద ఆధారపడకుండా తన పని తాను చేసుకోవడం. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 ఫిబ్రవరిలో విచారణలో పాల్గొన్న 8 మంది న్యాయమూర్తులూ ఆ కుటుంబానికి అనుకూలంగానే తేల్చారు. వారి ఫిర్యాదు పాప చదువు గురించిన వివాదం కాకుండా, వివక్ష గురించినదే అయితే విద్యాశాఖ విచారణలన్నీ ముగిసేదాకా ఆగనక్కర్లేకుండా నేరుగా కోర్టుకు రావచ్చని చెప్పారు.

మేం సాయం చేస్తున్నాం కదా, ఇంకేం కావాలి? ఈ మాట బడిలోనే కాదు, చర్చిల్లో కూడా వినిపిస్తుంది.

చట్టం ఎక్కడ ఆగింది?

ఇక్కడ ప్రతి క్రైస్తవుడూ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. హోటల్ యజమానిని, టాక్సీ డ్రైవరును, దుకాణదారుణ్ణి కట్టిపడేసిన ఈ 1990 చట్టం మత సంస్థలకూ ఆరాధన స్థలాలకూ మినహాయింపు ఇచ్చింది. అంటే ఒక అంధుడు తన కుక్కతో కాఫీ హోటలుకు వెళితే తలుపు తెరవక తప్పదు. ఆ పక్కనే ఉన్న చర్చికి వెళితే, తెరవాలని ఈ ఫెడరల్ చట్టం బలవంతపెట్టదు.

దీన్ని మనం ఎలా తీసుకోవాలి? హమ్మయ్య, మనకు ఆ బెడద లేదనుకోవాలా? లేక సిగ్గుపడాలా? జరిమానాకు భయపడి లోకం తెరిచిన తలుపును, ప్రభువును ప్రేమిస్తున్నామని చెప్పే మనం మూసేస్తే మన సాక్ష్యం ఏమవుతుంది? ప్రేమ కలిగి ఉండడమే ధర్మశాస్త్రాన్ని నెరవేర్చడమని పౌలు రోమా సంఘానికి బోధించాడు. చట్టం పనిచేయని చోటే ప్రేమకు పరీక్ష. గుమ్మం దగ్గర చట్టం ఆగిపోయింది. అక్కడి నుంచి లోపలికి ఆ మనిషిని తీసుకురావలసింది మనమే.

దావీదు యెబూసీయుల పట్టణాన్ని పట్టుకున్న రోజుల నుంచి ఇశ్రాయేలులో ఒక మాట వాడుకలోకి వచ్చింది. గుడ్డివారికి, కుంటివారికి మందిరంలో చోటు లేదన్నదే దాని భావం (2 సమూయేలు 5:8). ఏళ్లు గడిచాయి. దావీదు కుమారుడని జనం జేజేలు పలికిన యేసు యెరూషలేము దేవాలయంలో అడుగుపెట్టాడు. వ్యాపారులను వెళ్లగొట్టాడు. ఆ వెంటనే ఎవరు లోపలికి వచ్చారో మత్తయి ప్రత్యేకంగా రాశాడు. గుడ్డివారు, కుంటివారు ఆయన దగ్గరికి వచ్చారు, ఆయన వారిని బాగుచేశాడు (మత్తయి 21:14). బల్లలు వేసుకుని చోటు ఆక్రమించినవారు బయటికి, చోటు లేదనిపించుకున్నవారు లోపలికి. మన ప్రభువు మందిరాన్ని శుద్ధిచేసిన తీరు అది.

ప్రకటన గ్రంథంలోని కుక్కలెవరు?

అయ్యగారూ, పరలోక పట్టణం వెలుపల కుక్కలుంటాయని ప్రకటన 22:15లో ఉంది కదా, మందిరంలోకి కుక్కను ఎలా రానిస్తారు అని అడిగేవారు ఉంటారు. ఆ వచనాన్ని చివరిదాకా చదవాలి. కుక్కలతోపాటు అక్కడ చెప్పినవారు నరహంతకులు, విగ్రహారాధికులు, అబద్ధాన్ని ప్రేమించేవారు. అంటే అది మనుషుల ప్రవర్తన గురించిన మాట. ఫిలిప్పీ పత్రికలో పౌలు కుక్కల విషయంలో జాగ్రత్త అన్నదీ సంఘాన్ని తప్పుదారి పట్టించే బోధకుల గురించే. నాలుగు కాళ్ల జంతువు గురించి కాదు.

కొత్త నిబంధన గ్రీకులో వీధికుక్కకు, ఇంటికుక్కపిల్లకు వేర్వేరు మాటలున్నాయి. కనాను స్త్రీతో ప్రభువు మాట్లాడినప్పుడు వాడింది రెండో మాట. ఆమె ఆ మాటనే పట్టుకుని, యజమాని బల్ల కింద కుక్కపిల్లలకూ చోటుంటుందని వాదించి, తన కూతురి స్వస్థత పొందింది. ప్రభువు ఆమె విశ్వాసాన్ని గొప్పదని మెచ్చుకున్నాడు. ధనవంతుని వాకిట్లో పడి ఉన్న లాజరు దగ్గరికి వచ్చింది ఎవరు? ఇంట్లోని మనుషులు రాలేదు, వీధికుక్కలు వచ్చాయి. హీబ్రూలో కుక్కను 'కెలెబ్' అంటారు. నిండు మనసుతో దేవుణ్ణి వెంబడించిన కాలేబు పేరు ఆ మాటకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మన తెలుగు సామెతల్లో కుక్కకు గౌరవం తక్కువే. అయినా మనం దేవుని మీద ఉంచే నమ్మకానికీ, కుక్కకు యజమాని మీద ఉండే నమ్మకానికీ ఒకే మాట వాడతాం. విశ్వాసం!

దేవుని మీద విశ్వాసం ఉన్నవాడికి కుక్క సాయం ఎందుకు అని ఇంకొందరు అడుగుతారు. పగలు మేఘస్తంభం, రాత్రి అగ్నిస్తంభం ఇశ్రాయేలీయులను నడిపిస్తున్న రోజుల్లోనే మోషే తన బంధువైన హోబాబును బతిమాలాడు. అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కళ్లలా ఉండు అన్నది ఆయన మాటల సారం (సంఖ్యాకాండం 10:31). మేఘం ఉంది కదా, హోబాబు ఎందుకు అని మోషే అనుకోలేదు. దేవుని నడిపింపును నమ్మడం, దేవుడిచ్చిన సాయాన్ని అందుకోవడం ఒకదానికొకటి విరోధం కాదు. మనం కళ్లజోడు పెట్టుకుని బైబిల్ చదవడం లేదా?

ఆరాధనలో మర్యాద

సర్వీస్ డాగ్‌తో ఒకరు మన ఆరాధనకు వస్తే ఏం చేయాలి? మొదటి సూత్రం చాలా తేలిక. కుక్కను పట్టించుకోకండి, మనిషిని పలకరించండి. హార్నెస్ వేసుకున్న కుక్క పనిలో ఉన్నట్లు. దాన్ని తాకకూడదు, పిలవకూడదు, ఈల వేయకూడదు, కళ్లలోకి చూస్తూ ముద్దు చేయకూడదు. దాని చూపు ఒక్క క్షణం మన వైపు మళ్లితే ఆ క్షణంలో యజమాని మెట్టు తప్పవచ్చు. బస్సు నడిపే డ్రైవరు చెయ్యి పట్టుకుని ఎవరైనా కబుర్లు చెబుతారా?

తినడానికి ఏమీ పెట్టకూడదు. ప్రేమవిందులో మన పెద్దవాళ్లు, పిల్లలు ప్రేమతోనే ఒక మాంసం ముక్క విసరవచ్చు. దానివల్ల కుక్క శిక్షణ చెడుతుంది, ఆరోగ్యమూ చెడుతుంది. నీళ్లు కావాలేమోననిపిస్తే యజమానిని అడగండి. సండే స్కూలు పిల్లలకు ముందే చెప్పండి. పిల్లలు పెద్దవాళ్లకంటే త్వరగా నేర్చుకుంటారు.

చూపు లేనివారి చెయ్యి పట్టి లాగకండి, హార్నెస్ పిడిని అసలు పట్టుకోకండి. ముందు మీ పేరు చెప్పండి, సాయం కావాలా అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. దారి చెప్పేటప్పుడు అదిగో అక్కడ అని చెయ్యి చూపిస్తే వారికేం తెలుస్తుంది? ఎడమ వైపు పది అడుగులు, తర్వాత రెండు మెట్లు అని చెప్పండి. పక్కనున్న వారితో వీరికి ఏం కావాలి అని అడగకండి. ఆయనకు నోరుంది, ఆయన్నే అడగండి.

కుక్క కాళ్లు చాచుకుని పడుకోవడానికి వరస చివర కాస్త చోటు ఉంచండి. దాని తోక ఎవరూ తొక్కకుండా చూడండి. కుక్కలంటే భయపడే వారిని, అలర్జీ ఉన్న వారిని ఎగతాళి చేయకండి. కుక్క కాటు తిన్నవారి భయం పాపం కాదు. వారికి దూరంగా చోటు చూపిస్తే ఇద్దరూ ప్రశాంతంగా ఆరాధిస్తారు. ఆ ఏర్పాటు చేయడం సంఘ పెద్దల పని, వచ్చినవారి పని కాదు. ప్రభువు బల్ల దగ్గరికి వారు ఎలా రావాలనుకుంటున్నారో ఆరాధనకు ముందే అడిగి తెలుసుకోండి. రొట్టె, ద్రాక్షారసం కూర్చున్న చోటికే పంపడం సులువే. కానీ అందరితోపాటు నడిచి వచ్చి అందుకోవాలని ఆయన ఆశ కావచ్చు.

ఇక ముఖ్యమైన మాట. వికలాంగులు కనిపించగానే మనలో చాలామంది తల మీద చేతులుంచి స్వస్థత ప్రార్థన మొదలుపెడతారు. అడగకుండా అలా చేయవద్దు. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు జనం నోరుమూసుకోమని గద్దించారు. ప్రభువు ఆగాడు, పిలిపించాడు. అతడు గుడ్డివాడని ఆయనకు తెలుసు. అయినా తనకేం కావాలో అతన్నే చెప్పమన్నాడు (మార్కు 10:51). సర్వజ్ఞుడే అడిగినప్పుడు మనం అడగకుండా ఎలా ఊహించుకుంటాం? మీ సంఘానికి వచ్చిన ఆ సోదరుడు ప్రార్థన కోరవచ్చు. లేదా పాటల పుస్తకం బ్రెయిలీలో కావాలని అడగవచ్చు. లేదా గాయక బృందంలో చేరతానని అనవచ్చు.

అబద్ధపు పట్టీ

మరో పక్క కూడా చెప్పాలి. అమెరికాలో కొందరు తమ పెంపుడు కుక్కకు సర్వీస్ డాగ్ అని రాసిన పట్టీ కొని తొడిగి దుకాణాల్లోకి, విమానాల్లోకి తీసుకుపోయారు. డబ్బు కడితే ఇంటికే వచ్చే ధ్రువపత్రాలకు చట్టం ముందు ఎలాంటి విలువా లేదు. ఇలాంటివి పెరిగిన తర్వాత, 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన విమాన ప్రయాణ నిబంధనల్లో శిక్షణ పొందిన కుక్కను మాత్రమే సర్వీస్ జంతువుగా గుర్తించారు. కుక్క శిక్షణ, ప్రవర్తన గురించి ప్రయాణికుడు సంతకం చేసిన పత్రం అడిగే వీలు కూడా విమాన సంస్థలకు కలిగింది.

శిక్షణ లేని కుక్క మొరిగి, మీదపడి, నిజమైన సర్వీస్ డాగ్‌ను గాయపరిస్తే అది బెదిరిపోయి మళ్లీ పనికి రాకపోవచ్చు. నెలల తరబడి నేర్పిన శిక్షణ వృథా. అంతకంటే పెద్ద నష్టం, తర్వాత వచ్చే నిజమైన అంధుణ్ణి కూడా గుమ్మం దగ్గర అనుమానంగా చూస్తారు. గుడ్డివాని ముందు అడ్డంకి పెట్టకూడదని లేవీయకాండం 19:14 ఆజ్ఞ. ఆ అడ్డంకి రాయే కానక్కర్లేదు. మన అబద్ధం కూడా కావచ్చు. అమెరికాలో ఉన్న మన విశ్వాసులు టికెట్టు డబ్బు మిగులుతుందని ఈ పని చేయకూడదు.

మన మెట్లు, మన గుమ్మాలు

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అని పేజీ తిప్పేయకండి. మన దేశంలో గైడ్ డాగ్‌లు అరుదు. ఇక్కడ అంధులకు తెల్ల కర్ర, తోటి మనిషి భుజమే ఆధారం. కానీ ఆ కర్రకూ, చక్రాల కుర్చీకీ, వినికిడి యంత్రానికీ పైన చెప్పిన మర్యాదే వర్తిస్తుంది. చక్రాల కుర్చీ ఆ మనిషి శరీరంలో భాగం లాంటిది. అడగకుండా తొయ్యకూడదు. తెల్ల కర్రను తీసి మూలన పెట్టేయకూడదు.

మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. అమెరికా చట్టం ఆరాధన స్థలాలను వదిలేస్తే, మన చట్టం ప్రజలు వాడే భవనాలను నిర్వచిస్తూ మతపరమైన కార్యక్రమాలు జరిగే భవనాలను కూడా అందులో చేర్చింది. చర్చి వాకిలి అందరికీ అందుబాటులో ఉండాలన్న ఆలోచన మన చట్టంలోనే ఉందన్నమాట.

కాబట్టి వచ్చే ఆదివారం ఒకసారి మీ చర్చి గుమ్మం ముందు నిలబడి చూడండి. ఎన్ని మెట్లున్నాయి? పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా? చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఉందా? గంటకూ, గోపురానికీ, కొత్త సౌండ్ బాక్సులకూ చందాలు పోగుచేసే మనం వాలుదారికి నాలుగు బస్తాల సిమెంటు పోగుచేయలేమా? మీ సంఘంలో చూపు లేనివారు, నడవలేనివారు ఎవరూ లేరంటే, మీ ఊళ్లో అలాంటివారు లేరని కాదు. బహుశా వాళ్లు ఒకసారి వచ్చి, గుమ్మం చూసి వెనక్కి వెళ్లిపోయి ఉంటారు.

విందు చేసేటప్పుడు బీదలను, అంగహీనులను, కుంటివారిని, గుడ్డివారిని పిలవమని ప్రభువు చెప్పాడు (లూకా 14:13). పిలవడం అంటే ఆహ్వాన పత్రిక ఇవ్వడం మాత్రమే కాదు. వాళ్లు లోపలికి రాగలిగేలా, వచ్చాక తలెత్తుకుని కూర్చోగలిగేలా చేయడం. ఒకరు కర్రతో వస్తారు, ఒకరు కుర్చీలో వస్తారు, ఎక్కడో ఒక చోట ఒకరు కుక్కతో వస్తారు. దేవుడు వారికి ఏ తోడు ఇచ్చాడో ఆ తోడుతోనే వారిని చేర్చుకుందాం. ఏ తోడూ లేకుండా వచ్చినవారికి మనమే తోడవుదాం.